నాలుగుంబావు అంగుళాల బేరం

భారత గోల్ఫ్‌కు కోల్‌కతా పుట్టిల్లు. అయినా అక్కడ ప్లాస్టిక్ పచ్చికతో పటింగ్ గ్రీన్ వేసే వ్యాపారి గిరాకీ కోసం వీధులు తిరగాల్సిందే. ఆట తెలిసినవాడికి ఆ సరుకు అక్కర్లేదు. అక్కరకొచ్చేవాడికి ఆట తెలియదు.

మూడొందల గజాల దూరం బంతిని కొడితే చూసేవాళ్లు నోరెళ్లబెడతారు. కానీ గోల్ఫ్‌లో డబ్బూ పరువూ తేలేది ఆఖరి ఆరడుగుల్లో. అక్కడ బంతిని కొట్టరు, మెల్లగా తోస్తారు. బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లు, గుంట 108 మిల్లీమీటర్లు. పాత లెక్కలో చెప్పాలంటే గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. చూడ్డానికి గోళీలాటంత తేలిక. ఆడితే తెలుస్తుంది కష్టం. 72 స్ట్రోకుల్లో పూర్తి చేయాల్సిన కోర్సులో 36 స్ట్రోకులు, అంటే సరిగ్గా సగం, ఈ తోయడానికే లెక్కకట్టి పెట్టారు. విచిత్రమేమిటంటే సాధన చేసేవాళ్లలో ఎక్కువ మంది ఆ మిగతా సగం మీదే పడతారు. బలంగా కొట్టడంలో ఉన్న సరదా మెల్లగా తోయడంలో ఉండదు మరి.

సింథటిక్ పటింగ్ గ్రీన్ వ్యాపారం నిలబడింది ఈ బలహీనత మీదే. నైలాన్ లేదా పాలీప్రొపిలీన్ పోగులతో నేసిన పొట్టి పచ్చిక తివాచీ, దాని కింద దిమ్మిస చేసిన కంకర పొర, రెండు మూడు గుంటలు, చిన్న జెండాలు. నీళ్లు పోయక్కర్లేదు, కోయక్కర్లేదు. పొద్దున కాఫీ తాగుతూ పది బంతులు తోసి ఆఫీసుకెళ్లొచ్చు. అమెరికాలో దీనికి గిరాకీ వెతకడం మరీ కష్టమేమీ కాదు. ఇంటి వెనక పెరడుంటుంది, గ్యారేజీలో గోల్ఫ్ కిట్టుంటుంది. ఒక ఇంట్లో వేస్తే పక్కింటాయన గోడ మీంచి చూసి ఫోన్ చేస్తాడు. ఆ పద్ధతిని అలాగే తెచ్చి కోల్‌కతాలో దింపుదామంటే మొదటి అడుగులోనే కాలు జారుతుంది. బాలీగంజ్‌లో పెరడున్న పాత బంగళాలు ఒక్కొక్కటే కూలి ఫ్లాట్లవుతున్నాయి. పక్కింటాయన చూడ్డానికి గోడ లేదు, గోడ వెనక పెరడూ లేదు.

మరి ఎవరు కొనాలి?

క్లబ్బు గేటు దగ్గర బేరం కుదరదు

ఎవరికైనా ముందు తట్టేది క్లబ్బులే. తట్టడంలో తప్పులేదు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829 నాటిది. బ్రిటన్ దీవుల వెలుపల ప్రపంచంలో అంతకన్నా పాత గోల్ఫ్ క్లబ్ లేదు. మొదట డమ్‌డమ్‌లో ఆడారు. తర్వాత మైదాన్‌కు, 1910లో టాలీగంజ్‌కు మారింది. జార్జి చక్రవర్తి 1911లో దేశానికి వచ్చినప్పటి గుర్తుగా పేరు ముందు ‘రాయల్’ చేరింది. భారత అమెచ్యూర్ చాంపియన్‌షిప్ 1892లో మొదలైంది కూడా ఈ క్లబ్ చేతుల మీదే. గోల్ఫ్ పోటీల్లో ఆటగాళ్లను వేలం వేసి పందెం కాసే పద్ధతికి ప్రపంచమంతటా ‘కలకత్తా’ అనే పేరు. అదేమంత గొప్ప కీర్తి కాదనుకోండి. టాలీగంజ్‌లోనే 1895 నాటి టాలీగంజ్ క్లబ్, వందెకరాల్లో.

ఇందులో ఒక చిత్రమైన కాకతాళీయం ఉంది. గుంట కొలతను నాలుగుంబావు అంగుళాలుగా సెయింట్ ఆండ్రూస్ పెద్దలు ఖాయం చేసింది 1891లో. కానీ ఆ కొలత వచ్చింది స్కాట్లండ్‌లోని మజిల్‌బరోలో గుంటలు తవ్వే ఒక పాత పనిముట్టు నుంచి. ఆ పనిముట్టూ 1829 నాటిదే. కలకత్తా క్లబ్, గోల్ఫ్ గుంట ఒకే ఈడువి.

అంత చరిత్ర ఉన్నచోట సింథటిక్ గ్రీన్ అమ్మడం, కొబ్బరితోట యజమానికి కొబ్బరికాయలు అమ్మడం లాంటిది. వాళ్లకు అసలు పచ్చికే ఉంది. దాన్ని తరతరాలుగా పెంచే మనుషులున్నారు. పైగా సభ్యుల మనసులో ప్లాస్టిక్ పచ్చిక అంటే కొంత చులకన. క్లబ్ గ్రీన్ మీద వేగం ఒకటి, తివాచీ మీద వేగం మరొకటి అయితే సాధన చేసి చెయ్యి పాడుచేసుకోవడమే అవుతుందన్న భయంలో నిజం లేకపోలేదు.

ఆ వేగాన్ని కొలవడానికి ఒక సాధనం ఉంది. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికన్ అమెచ్యూర్ ఆటగాడు చెక్కతో తయారు చేశాడు. 1970ల్లో అమెరికా గోల్ఫ్ సంఘం దాన్ని అల్యూమినియంలోకి మార్చి వాడకంలోకి తెచ్చింది. గాడి ఉన్న బద్ద, అంతే. ఒక చివర మెల్లగా ఎత్తితే బంతి జారి దొర్లుతుంది. ఎన్ని అడుగులు దొర్లితే ఆ గ్రీన్ వేగం అంత. మామూలు క్లబ్బుల్లో ఎనిమిది నుంచి పది దాకా, పెద్ద టోర్నమెంట్లలో పదకొండు దాటుతుంది. సరుకు మీద నమ్మకమున్న వ్యాపారి క్లబ్ సభ్యుడికి బ్రోషర్ చూపించడు. ఈ బద్ద పట్టుకెళ్లి, మీ క్లబ్ గ్రీన్ ఎంత వేగమో చెప్పండి, మీ మేడ మీద అంతకు తెస్తానంటాడు. పాలీప్రొపిలీన్ రకంలో పోగుల మధ్య సన్నటి ఇసుక ఎంత నింపి ఎంత రుద్దారన్న దాన్నిబట్టి వేగం కొంత మార్చుకోవచ్చు. నైలాన్‌లో ఇసుక బెడద తక్కువ, పోగు నిలబడే గుణం ఎక్కువ, ధరా ఎక్కువ. ఈ తేడా వివరించగలిగిన చోట క్లబ్ సభ్యుల్లో కొందరు కొంటారు. కానీ క్లబ్ సభ్యత్వాలున్నదే కొద్దిమందికి. అందులో సొంత డాబా ఉన్నవాళ్లు ఇంకా కొద్దిమంది. ఆ ఇళ్లు నాలుగు నెలల్లో తిరిగేయొచ్చు. ఐదో నెల నుంచి ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

గోనెసంచి నుంచి ప్లాస్టిక్ దాకా

కోల్‌కతాకు ఈ సరుకుతో ఒక పాత పగ ఉంది. ఆ సంగతి తివాచీని తిరగేసి చూస్తే తెలుస్తుంది. హుగ్లీ తీరాన రిష్రాలో 1855లో దేశంలో మొదటి జనపనార మిల్లు వెలిసింది. తర్వాతి కాలంలో వరసగా వచ్చిన మిల్లుల్లో మేనేజర్లు, మిస్త్రీలు చాలామంది స్కాట్లండ్‌లోని డండీ నుంచి వచ్చినవారే. గోల్ఫ్ కర్రలు బెంగాల్‌లో అంతగా పాతుకుపోవడానికి ఈ స్కాచ్ దొరలూ ఒక కారణం. మగ్గాల దగ్గర నిలబడినవాళ్లు బిహార్, ఒరిస్సా కూలీలతో పాటు గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి రైలెక్కి వచ్చిన మనవాళ్లు. టీటాగఢ్ వైపు మిల్లు బస్తీల్లో తెలుగు వినిపించడం అప్పటి నుంచే.

గోనెసంచుల తర్వాత ఆ మిల్లులకు పెద్ద ఆధారమైన ఎగుమతుల్లో ఒకటి తివాచీల అడుగున వేసే జనపనార గుడ్డ. అమెరికాలో తివాచీల రాజధాని అనిపించుకున్న జార్జియా రాష్ట్రంలోని డాల్టన్‌కు ఇది ఓడల్లో వెళ్లేది. 1960లు, 70ల్లో పాలీప్రొపిలీన్ గుడ్డ వచ్చి దాన్ని తోసేసింది. హుగ్లీ మిల్లుల కష్టాలకు కారణాలు చాలా ఉన్నాయి గాని, ఈ దెబ్బ చిన్నది కాదు. అదే డాల్టన్ చుట్టుపక్కల ఇప్పుడు సింథటిక్ పచ్చిక నేసే ఫ్యాక్టరీలున్నాయి. తివాచీ కింది నుంచి జనపనారను తరిమిన ప్లాస్టిక్కే ఇప్పుడు పైన పచ్చికగా మొలిచి కోల్‌కతా మార్కెట్‌కు వస్తోంది.

ప్లాస్టిక్ పచ్చిక పుట్టుక కూడా తమాషాగానే జరిగింది. హ్యూస్టన్‌లో పైకప్పున్న ఆస్ట్రోడోమ్ కట్టి, లోపల అసలు గడ్డే పెంచారు. పైనున్న అద్దాల మెరుపుకు ఫీల్డర్లకు బంతి కనిపించలేదు. అద్దాలకు రంగు పూస్తే ఎండ తగలక గడ్డి చచ్చింది. 1966లో మోన్‌సాంటో కంపెనీ తయారు చేసిన నైలాన్ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అక్కడిదే.

మన దేశంలో ఆ పేరు వినగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది మాత్రం అవమానమే. 1975లో కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్ గెలిచిన హాకీ జట్టు, మరుసటేడు మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి కృత్రిమ మైదానం మీద ఆడి ఏడో స్థానంలో మిగిలింది. కోల్‌కతాకు ఇంకా దగ్గరి అనుభవం ఉంది. సాల్ట్‌లేక్ స్టేడియంలో పరిచిన కృత్రిమ పచ్చిక మీదే 2011 సెప్టెంబరు 2న మెస్సీ ఆడాడు, వెనెజులా మీద. ఊరంతా కదిలొచ్చింది. 2017 అండర్-17 ప్రపంచ కప్ కోసం అదే స్టేడియంలో ప్లాస్టిక్‌ను పీకేసి మళ్లీ గడ్డి నాటారు. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ఊళ్లో ఈ సంగతి తెలియనివాడుండడు. కాబట్టి ప్లాస్టిక్ పచ్చిక అమ్మేవాడికి ‘అక్కడ తీసేశారు కదా’ అన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. జవాబు లేకపోలేదు. పరిగెత్తి జారిపడే ఆటకు మోకాళ్లు, మోచేతులు గీసుకుపోతాయి. పటింగ్‌లో ఆటగాడు నిలబడే ఉంటాడు, కదిలేది బంతి.

ఆ తర్వాత కొత్త తరం వచ్చింది. గంటకింత అద్దె తీసుకుని ఐదుగురు ఐదుగురు ఆడుకునే వలల బోను మైదానాలు కోల్‌కతాలోనూ, హైదరాబాద్‌లోనూ వెలిశాయి. ఈ పిల్లలకు ‘టర్ఫ్’ అంటే అవమానమూ కాదు, అనుమానమూ లేదు. రాత్రి పదింటికి ఆఫీసు స్నేహితులతో ఆడుకునే చోటు, అంతే. పటింగ్ గ్రీన్ వ్యాపారి ఇక్కడ గమనించాల్సింది పచ్చికను కాదు, లెక్కను. ఆ మైదానాలవాళ్లు అమ్ముతున్నది గడ్డి కాదు, గంటలు.

కొనేది ఒకడు, ఆడేది వేరొకడు

కోల్‌కతాలో నిజంగా ఆర్డరు పెట్టగలిగేవాళ్ల జాబితా రాస్తే అందులో గోల్ఫర్ పేరు చాలా కిందికి పోతుంది. పైనుండేది బిల్డరు. రాజర్‌హాట్, న్యూటౌన్, ఈఎం బైపాస్ వెంట లేచిన అపార్ట్‌మెంట్ల బ్రోషర్లు చూడండి. ఈతకొలను, జిమ్, యోగా డెక్, పిల్లల పార్కు. పక్క ప్రాజెక్టులోనూ అవే. కొత్తగా ఒక్క మాట చేర్చాలని బిల్డరుకు ఆరాటం. రెండు మూడొందల చదరపు అడుగుల్లో, ఈతకొలనుకయ్యే ఖర్చులో చిన్న వాటాతో, బ్రోషర్‌లో ‘గోల్ఫ్’ అనే మాట చేరుతుందంటే అతను వింటాడు. అక్కడ నివసించబోయే వాళ్లలో పటర్ పట్టినవాళ్లు పదిమంది లేకపోవచ్చు. ఫర్వాలేదు. ఫ్లాటు కొనేటప్పుడు దాన్ని చూసి మురిసేవాళ్లు వందమంది ఉంటారు.

ఇక్కడే చట్టం వ్యాపారికి తోడొస్తుంది. పశ్చిమ బెంగాల్ కేంద్రం తెచ్చిన రెరా చట్టాన్ని పక్కనపెట్టి 2017లో సొంత గృహనిర్మాణ చట్టం చేసుకుంది. 2021 మే 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు అక్కడా రెరాయే. ప్రకటనలోనో ప్రాస్పెక్టస్‌లోనో తప్పుడు మాట చెప్పి ఫ్లాటు అమ్మితే కొన్నవాళ్లకు పరిహారమివ్వాలని ఆ చట్టంలోని 12వ సెక్షన్ అంటుంది. 14వ సెక్షన్ ప్రకారం ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలి. బ్రోషర్‌లో పటింగ్ గ్రీన్ అని అచ్చేశాక మెట్ల కింద పచ్చ తివాచీ ముక్క పరిచి తప్పించుకోవడం మునుపటంత సులువు కాదు. కాబట్టి అడగాల్సింది బ్రోషర్ అచ్చయ్యాక కాదు, ముందే. అప్పుడు బిల్డరు చుట్టూ ఉండేది ఆర్కిటెక్టు, ల్యాండ్‌స్కేప్ డిజైనరు. వాళ్ల నక్షాలో ఆ పది గజాల ఆకుపచ్చ వంపు ఎక్కితే సగం బేరం అయినట్టే. ఎక్కకపోతే తర్వాత మేనేజింగ్ డైరెక్టర్‌తో గోల్ఫ్ ఆడినా లాభం లేదు.

బిల్డరు దగ్గర ఒక చిక్కుంది. ఒక్కసారే కొంటాడు, డబ్బు ఆలస్యంగా ఇస్తాడు. తర్వాత చూసుకోవాల్సింది నివాసుల సంఘం. బెంగాలీ హౌసింగ్ సొసైటీ మీటింగంటే మాటలు కాదు. దుర్గాపూజ చందా మీద రెండు గంటలు చర్చించగలిగినవాళ్లు, నలుగురు కూడా ఆడని ఆటకు ఏడాది మెయింటెనెన్స్ ఎందుకివ్వాలని మూడు గంటలు అడగగలరు. అడగాల్సిందే కూడా. దీనికి విరుగుడు ఆడేవాళ్లను తయారు చేయడం ఒక్కటే. ఆదివారం పొద్దున పిల్లలకు, రిటైరైన పెద్దలకు గంట నేర్పించి, పూజకు ముందు చిన్న పోటీ పెడితే చాలావరకు కథ మారుతుంది. పటింగ్‌కు బలం అక్కర్లేదు, పరుగు అక్కర్లేదు. కేరమ్ బోర్డు దగ్గర పెరిగిన పాడా క్లబ్బుల ఊరది. కోణం చూడటం, వేలి బలం కొలవడం ఆ చేతులకు కొత్త కాదు. డెబ్బయ్యేళ్ల దాదూ, పన్నెండేళ్ల మనవరాలు సరిసమానంగా పోటీపడగలిగే ఆటలు ఎన్నో లేవు.

రెండో గిరాకీ ఆఫీసులు. సాల్ట్‌లేక్ సెక్టార్-5లోని ఐటీ కంపెనీల లాంజ్‌ల్లో టేబుల్ టెన్నిస్ బల్ల ఎప్పుడూ ఖాళీ ఉండదు. దాని పక్కన పన్నెండడుగుల పొడవు పటింగ్ పట్టీకి చోటుంటుంది. ఎండ తగలదు, వాన పడదు, పోగు చాలాకాలం నిలుస్తుంది. ఇండోర్ గోల్ఫ్ సిమ్యులేటర్లు పెట్టేవాళ్లు మూడో రకం. తెర మీద బంతి కొట్టాక తోయడానికి నిజమైన నేల కావాలి కాబట్టి వాళ్లకు ఇది అలంకారం కాదు, అవసరం.

అన్నిటికన్నా ముందు చేతికి డబ్బు తెచ్చేది మాత్రం అద్దె. కార్ల కంపెనీ కొత్త మోడల్ విడుదల చేసినా, బ్యాంకు తన పెద్ద ఖాతాదారులను స్టార్ హోటల్‌కు పిలిచినా అతిథులను అరగంట నిలబెట్టడానికి ఏదో ఒక ఆట కావాలి. విడదీసి మళ్లీ అమర్చుకునే పటింగ్ పలకలు వ్యాన్‌లో వేసుకుని సాయంత్రం వెళ్లి రాత్రికి తెచ్చుకోవచ్చు. ఈ అద్దె బేరంలో కనిపించని లాభం ఇంకొకటుంది. ఆ సాయంత్రం టై వదులు చేసుకుని పది బంతులు తోసి, ఒక్కటీ పడక, పట్టుదలతో పదకొండోది అడిగిన ఆసామే అసలు కస్టమర్. అతని విజిటింగ్ కార్డు ఫోన్ డైరెక్టరీ మొత్తం కన్నా విలువైనది. ప్రకటనలతో వచ్చేవాళ్లు ధర అడుగుతారు. ఇలా వచ్చేవాళ్లు ఎప్పుడు వేస్తారని అడుగుతారు.

నాలుగో దారి కోల్‌కతాకే ప్రత్యేకం. అసోం, డూయర్స్ తేయాకు తోటలు నడిపే కంపెనీల్లో చాలావాటి హెడ్డాఫీసులు ఈ ఊళ్లోనే. తోటల్లో గోల్ఫ్ తెల్లదొరల కాలం నుంచీ ఉంది. మేనేజర్ బంగళా ముందు పచ్చికకు కొదవలేదు గాని, గ్రీన్ స్థాయిలో దాన్ని కోసి, దొర్లించి, పోషించే ఓపిక ఇప్పుడు ఎందరికుంది? నీళ్లు, మనుషులు చాలని చోట్ల మన దేశంలో ఇసుకలో వాడేసిన ఇంజన్ ఆయిల్ కలిపి దిమ్మిస కొట్టి ‘బ్రౌన్స్’ అని ఆడుకునేవారు. అలాంటి కోర్సులు ఇంకా ఉన్నాయి. బ్రౌన్ మీద ఆడి విసిగినవాడికి సింథటిక్ గ్రీన్ చులకన కాదు, పదోన్నతి. ఆర్డరు మీద సంతకం పడేది మాత్రం తోటలో కాదు, కోల్‌కతా ఆఫీసులో.

బడాబజార్ ధరకు ఏం చెప్పాలి?

ఎవరికి అమ్మబోయినా ఒకచోట బండి ఆగుతుంది. ‘బడాబజార్‌లో ఇదే గడ్డి చదరపు అడుగు వందలోపు ఇస్తున్నారు కదా!’ నిజమే, ఇస్తున్నారు. పెళ్లిమండపాలకు, బాల్కనీలకు వేసే అలంకారపు గడ్డి అది. పోగు పొడుగు, వంకరటింకర. దాని మీద బంతి దొర్లదు, గెంతుతుంది. చూపుకు రెండూ పచ్చగానే ఉంటాయి గనుక మాటలతో వాదించి లాభం లేదు. రెండు ముక్కలూ పక్కపక్కన పరిచి బంతి కొనేవాడి చేతికే ఇవ్వాలి.

అసలు ఖర్చు గడ్డిలో కన్నా దాని కింద ఉంటుంది. కోల్‌కతాలో ఏటా 1,600 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది, హైదరాబాద్‌కు దాదాపు రెట్టింపు. 2025 సెప్టెంబరు 22 రాత్రి నుంచి తెల్లారేసరికి పూజ పందిళ్ల మధ్య 250 మిల్లీమీటర్ల వాన కురిసి ఊరు మునిగింది. గంగ ఒండ్రుమట్టి నేల కుంగుతుంది. కింద కంకర పొర సరిగా కూరకపోతే రెండో వర్షాకాలానికి గ్రీన్ మధ్యలో కుండ ఆకారం పడి, ఎక్కడ తోసినా బంతి అక్కడికే చేరుతుంది. నీడపట్టున నాచు పట్టే తేమ గాలి వేరే. తివాచీ అతుకు బంతి దారిలో రాకూడదు, వస్తే ఆ గీత మీద బంతి పక్కకు తప్పుకుంటుంది. అతుకు జిగురు ఆరడానికి పొడి వాతావరణం కావాలి. అందుకే జూన్ నుంచి సెప్టెంబరు దాకా బయట పని పెట్టుకోవడం తెలివైన పని కాదు. ఆ నాలుగు నెలలూ తిరిగి అమ్మడానికి, పూజ సెలవులైపోయాక నవంబరు నుంచి వేయడానికి. ఏప్రిల్, మే ఎండల్లో ప్లాస్టిక్ పచ్చిక అసలు గడ్డి కన్నా బాగా వేడెక్కుతుందని ముందే చెప్పేయడం మంచిది. ఎలాగూ మొదటి వేసవిలోనే కొన్నవాడికి కాళ్లకు తెలుస్తుంది.

మేడ మీద వేయడంలో ఇంకా జాగ్రత్త కావాలి. న్యూయార్క్‌లో 1920ల చివర మినీ గోల్ఫ్ పిచ్చి పట్టినప్పుడు మేడల మీదే నూటయాభై దాకా కోర్సులు వెలిశాయంటారు. గార్నెట్ కార్టర్ మొదలుపెట్టిన ‘టామ్ థంబ్’ కోర్సుల్లో గ్రీన్లు పత్తిగింజల పొట్టుకు నూనె, రంగు కలిపి కొట్టినవి. అదీ ఒక రకం కృత్రిమ గ్రీనే. 1930లో అమెరికా అంతటా వేలల్లో ఉన్న ఆ కోర్సులు ఏడాది రెండేళ్లలో మూతపడ్డాయి. సరదాకు వచ్చినవాళ్లు సరదా తీరాక రాలేదు.

కోల్‌కతా మేడలకు సరదాను మించిన చరిత్ర ఉంది. పార్క్ స్ట్రీట్‌లోని స్టీఫెన్ కోర్టు 2010 మార్చిలో తగలబడినప్పుడు పైకి పరుగెత్తినవాళ్లలో కొందరు మెట్ల దగ్గరే ప్రాణాలు విడిచారు. 2025 ఏప్రిల్ 29న బడాబజార్ హోటల్ మంటల్లో 14 మంది పోయారు. ఆ వెంటనే నగరపాలక సంస్థ మేడల మీది రెస్టారెంట్లపై పడింది. ఆపదలో జనం చేరేది మేడ మీదికే కాబట్టి దాన్ని ఖాళీగా ఉంచాలన్నది అధికారుల మాట, న్యాయమైన మాట. ఈ పరిస్థితిలో డాబా మీద ప్లాస్టిక్ పరుస్తానని వచ్చేవాడు మంట తట్టుకునే పరీక్ష కాగితం, ఎంత భాగం వదిలేస్తాడో చూపే నక్షా, వాటర్‌ప్రూఫింగ్ చెడదన్న హామీ లేకుండా రాకూడదు. వాటిని అడక్కముందే బల్ల మీద పెట్టినవాడికి సొసైటీ కార్యదర్శి కనీసం కుర్చీ చూపిస్తాడు. నింపేది రబ్బరు పొడి కాదు, ఇసుక అన్నది ఇంకో చెప్పుకోదగ్గ మాట. కృత్రిమ మైదానాల్లో నింపే రబ్బరు పొడి అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్ 2031 నుంచి నిషేధించింది. అలాగని పటింగ్ గ్రీన్ పర్యావరణానికి మేలు అనడం అతిశయోక్తి అవుతుంది. ఎన్నాళ్లు మన్నినా చివరికి అది చెత్తలోకి వెళ్లాల్సిన ప్లాస్టిక్కే.

ఇన్ని హామీల వెనక మనిషి ఉండాలి. నెలకోసారి వచ్చి ఇసుక రుద్ది, నాచు కడిగి, గుంట అంచు సరిచేసే మనిషి. ఏడాది కాంట్రాక్టు కుదిరితేనే వ్యాపారం నిలబడుతుంది, కొత్త గిరాకీ కూడా ఆ మనిషి మాట మీదే వస్తుంది. నేల వాలు కంటితో పట్టి, నీళ్లు ఎటు పారతాయో చూసి చెప్పగలిగేవాళ్లు ఆ ఊళ్లో కొరత లేదు. టాలీగంజ్‌లో తాతల నుంచీ గ్రీన్లు చూసుకుంటున్న కుటుంబాలున్నాయి.

అలాంటి కుటుంబం నుంచి వచ్చినవాడే ఎస్‌ఎస్‌పీ చౌరాసియా. తండ్రి రాయల్ కలకత్తా క్లబ్‌లో గ్రీన్‌కీపర్. కొడుకు ఆ పచ్చిక పక్కనే పెరిగి, గురువు లేకుండా చూసి నేర్చుకున్నాడు. భారీగా కొట్టే ఒడ్డూపొడుగూ లేవు. ఉన్నదల్లా గ్రీన్ దగ్గర చేతివాటం. తోటి ఆటగాళ్లు ‘చిప్‌పట్‌సియా’ అని పేరు పెట్టారు. 1997లో ప్రొఫెషనల్ అయ్యాడు. 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. 2016, 2017ల్లో వరసగా రెండుసార్లు ఇండియన్ ఓపెన్, రెండోసారి ఏడు స్ట్రోకుల తేడాతో. 2016 రియో ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. ఐదేళ్ల తర్వాత టోక్యోలో అదితి అశోక్ ఒక్క స్ట్రోకు తేడాతో పతకం చేజార్చుకుని నాలుగో స్థానంలో నిలిచింది. ఆమె ఆట కూడా దూరం మీద కాదు, పటర్ మీదే నడిచింది. ఆ శనివారం పొద్దున్నే టీవీల ముందు కూర్చున్నవాళ్లలో చాలామందికి బర్డీ అంటే ఏమిటో తెలియదు. బంతి గుంట అంచున ఆగితే ఎలా ఉంటుందో మాత్రం తెలిసింది.

చౌరాసియా చిన్నప్పుడు టాలీగంజ్‌లో సింథటిక్ గ్రీన్ అమ్మేవాడెవరైనా వచ్చి ఉంటే క్లబ్ కార్యదర్శిని కలిసి, సభ్యుల జాబితా అడిగి ఉండేవాడు. గ్రీన్‌కీపర్ క్వార్టర్ వైపు చూసేవాడు కాదు.